పాతకాలపు చవక సైన్స్ ఫిక్షన్ భయానక చిత్రాలు: రాక్షసి రబ్బరుదని తెలిసీ ఎందుకు చూస్తున్నాం?

పాతరీలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. 1950, 60 దశకాల్లో అమెరికాలోనూ, కొంతవరకు బ్రిటన్‌లోనూ చాలా తక్కువ పెట్టుబడితో తీసిన సైన్స్ ఫిక్షన్ భయానక చిత్రాలను ఈ మధ్య వరుసగా చూస్తున్నాను. ‘ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్’, ‘ది బ్లాబ్’, ‘ఇట్! ది టెర్రర్ ఫ్రమ్ బియాండ్ స్పేస్’, ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అలా చూసినవే. వీటిలో కొన్నింటిని మధ్యలో ఆపడం నా వల్ల కాలేదు. మర్నాడు ఆఫీసులో పని చేసుకుంటున్నా ఒకటి రెండు దృశ్యాలు కళ్ల ముందు కదులుతూనే ఉన్నాయి. ఇవాళ వందల కోట్లతో తయారవుతున్న చిత్రాల గ్రాఫిక్స్‌లో ఎక్కడా వేలెత్తి చూపే లోపం లేకపోయినా, నాకు ఈ అనుభవం వాటితో చాలా అరుదుగా కలుగుతోంది.

ఎందుకని మిత్రులను అడిగితే రెండు జవాబులు చెబుతున్నారు. పాత చిత్రాల మీద వ్యామోహం అన్నది మొదటిది. ఇది నాకు వర్తించదు. ఆ చిత్రాలు విడుదలైన నాటికి నేను పుట్టలేదు, వాటిని ఆడించిన, కార్లలోనే కూర్చుని చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లు మా ఊళ్లో లేవు, ఆ కాలపు అమెరికన్ చిన్న పట్టణం నా జ్ఞాపకాల్లోది కాదు. లేని జ్ఞాపకం మీద ఎవరైనా బెంగ పెట్టుకుంటారా? వాటి నాసిరకాన్ని చూసి నవ్వుకోవడంలో ఉన్న సరదా అన్నది రెండో జవాబు. నవ్వు వచ్చే చోట నేనూ నవ్వుతాను. కానీ నవ్విన కాసేపటికే అదే చిత్రం నన్ను భయపెడుతోంది. వెక్కిరించడానికే కూర్చున్నవాడికి ఆ భయం ఎక్కడి నుంచి వస్తుంది?

దయచేసి చూడదగ్గ చిత్రాల జాబితా ఇవ్వకండి, అవి వెతికితే దొరుకుతాయి. డబ్బు లేకపోవడానికీ ఈ ఆకర్షణకూ నిజంగా ఏదైనా సంబంధం ఉందా, లేక మంచి దర్శకులు తీసిన నాలుగు చిత్రాలు కాకతాళీయంగా చవక చిత్రాలయ్యాయా అన్నదే తెలుసుకోవాలని ఉంది. కథలోని మలుపులు బయటపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

రెండో ఆట:

పాతరీలు గారూ, సంబంధం ఉందనే నా అభిప్రాయం. అయితే డబ్బు లేకపోతే బుర్ర పదునెక్కుతుందని అందరూ చెప్పే అర్థంలో నేను ఈ మాట అనడం లేదు. డబ్బు లేకపోవడం మొట్టమొదట కథ ఎక్కడ జరగాలో తేల్చింది. ఆ చోటేమో భయం ఏ రకందో తేల్చింది.

ముందుగా కొంచెం నేపథ్యం చెప్పాలి. పెద్ద స్టూడియోలు చిత్రాలు తీయడంతోపాటు సొంత థియేటర్లు నడపడం చెల్లదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాంతో ఆ థియేటర్లను ఏడాది పొడవునా నింపడానికి స్టూడియోలు తయారుచేస్తూ వచ్చిన రెండో తరగతి చిత్రాల అవసరం వాటికి తగ్గిపోయింది. అదే సమయంలో టీవీ పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టింది. మిగిలినవాళ్లు కుర్రకారు. వాళ్లకు కార్లు ఉన్నాయి, 1958 నాటికి దేశంలో 4,000కు పైగా డ్రైవ్-ఇన్‌లు ఉన్నాయి, ఒకే టికెట్టు మీద రెండు చిత్రాలు చూపించే పద్ధతి ఉంది. ఆ ఖాళీలోకి చిన్న నిర్మాతలు దిగారు. వాళ్లకు ఊళ్లు కట్టే స్తోమత లేదు కనుక ఉన్న ఊరిలోనే కెమెరా పెట్టారు.

‘ది బ్లాబ్’నే తీసుకోండి. దర్శకుడు ఇర్విన్ యేవర్త్ అంతకు ముందు మతప్రచార చిత్రాలు తీసుకుంటూ ఉండేవారు. హాలీవుడ్‌తో పని లేకుండా పెన్సిల్వేనియాలో, సుమారు 1,10,000 డాలర్లతో దీన్ని తీశారు. స్టీవ్ మెక్వీన్‌కు కథానాయకుడిగా ఇదే మొదటి చిత్రం. ఉల్క నుంచి బయటపడిన జిగురు ముద్ద మనుషులను మింగుతూ పెరుగుతుంది. అది రంగు కలిపిన సిలికోన్. ఆ ముద్ద థియేటరులోకి చొరబడే ఘట్టానికి ఫీనిక్స్‌విల్ అనే చిన్న పట్టణంలో అప్పటికే నడుస్తున్న కొలోనియల్ థియేటరును వాడుకున్నారు. తెర మీద భయానక చిత్రం ఆడుతూ ఉంటుంది, ప్రేక్షకులు దాన్ని చూసి నవ్వుకుంటూ ఉంటారు, వెనక ప్రొజెక్టరు గది కిటికీల గుండా అసలు ముద్ద జారుతూ ఉంటుంది. మరుక్షణం జనం తలుపులు తోసుకుంటూ వీధిలోకి పరుగెత్తుతారు. ఆ థియేటరు ఇప్పటికీ ఉంది. ఏటా జరిగే బ్లాబ్‌ఫెస్ట్ ఉత్సవంలో ఊరివాళ్లు ఆ పరుగును మళ్లీ పరుగెత్తుతారు. స్టూడియోలో కట్టిన సెట్ అయితే చిత్రం పూర్తి కాగానే విప్పేసేవారు, పరుగెత్తడానికి ఊరివాళ్లకు ఆ గుమ్మమే ఉండేది కాదు. ఇక 1958లో కొలోనియల్ లాంటి హాలులోనే కూర్చుని ఆ దృశ్యం చూసిన కుర్రవాడు ఒకసారైనా వెనక్కి తిరిగి ప్రొజెక్టరు గది వైపు చూసి ఉంటాడు. ఆ చూపు కొనడానికి నిర్మాత అదనంగా ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టలేదు.

‘ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్’ బడ్జెట్ ఇంతకంటే పెద్దదే, నాలుగు లక్షల డాలర్లకు అటూ ఇటూ. అయినా ఆనాటి స్టూడియో లెక్కల్లో అది చిన్న చిత్రమే. డాన్ సీగెల్ దాన్ని లాస్ ఏంజిలెస్ దగ్గరి సియెరా మాడ్రె వంటి చోట్ల, మామూలు వీధుల్లో తీశారు. అందులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే దృశ్యంలో రాక్షసీ లేదు, ట్రిక్కూ లేదు. ఒక యువతి బాబాయి వాకిట్లో గడ్డి కోసే యంత్రం తోసుకుంటూ ఉంటాడు. అతను తన బాబాయి కాదని ఆమె డాక్టరుతో చెబుతుంది. రూపం అదే, గొంతు అదే, పాత జ్ఞాపకాలన్నీ అడిగితే చెబుతాడు, కళ్లలో మాత్రం ఒకప్పటి ఆపేక్ష లేదు. డాక్టరు వెళ్లి పలకరిస్తాడు, ఆయన మర్యాదగా జవాబిస్తాడు. అంతే. ఒక నటుడు, ఒక గడ్డికోత యంత్రం, మధ్యాహ్నపు ఎండ. చేతిలో డబ్బున్న నిర్మాత ఇక్కడ ముఖం చీలి లోపలి జీవి బయటపడేలా తీసి ఉండేవాడు. అప్పుడు మన అనుమానం తీరిపోయేది, దానితోపాటు భయమూ తీరిపోయేది.

ఆ చిత్రం కమ్యూనిస్టుల మీద భయమా, కమ్యూనిస్టులను వేటాడిన సెనేటర్ మెకార్తీ తరహా గుంపు మనస్తత్వం మీద భయమా అన్న చర్చ అరవై ఏళ్లకు పైగా సాగుతూనే ఉంది. నా దృష్టిలో అది రెండు వైపులా సరిపోవడానికి కారణం కూడా ఆ మామూలు వీధే. శత్రువు ముఖం మన పక్కింటివాడి ముఖంలా ఉన్నప్పుడు ఎవరి భయాన్ని వారు అందులో చూసుకుంటారు.

నేలటికెట్టు:

రెండో ఆట గారు మంచి చిత్రాలనే ఏరి తెచ్చారు. నా అభ్యంతరం అక్కడే. ఆ కాలపు చవక చిత్రాలను గంపగుత్తగా చూసినవాడికి తెలిసే సంగతి ఏమిటంటే, నూటికి తొంభై చిత్రాల్లో భయం లేదు, నిద్ర ఉంది. నిడివి నింపడానికి పాత్రలు నడుస్తూనే ఉంటాయి, కారు దిగి తలుపు వేసి మెట్లెక్కి మళ్లీ తలుపు తీస్తాయి. సైన్యం వస్తున్నదని చెప్పడానికి ఎక్కడిదో పాత వార్తా చిత్రం ముక్క అతికిస్తారు. తెల్లకోటు శాస్త్రవేత్త బల్ల దగ్గర నిలబడి ప్రమాదం ఎంత పెద్దదో మాటల్లో వర్ణిస్తాడు, ఎందుకంటే ఆ ప్రమాదాన్ని చూపించే డబ్బు నిర్మాత దగ్గర లేదు. వీటికి పేదరికమే కారణం. మంచి చిత్రాల ఘనత పేదరికానికి కట్టబెడితే, ఈ విసుగునూ దాని ఖాతాలోనే వేయాలి.

పైగా ఆ వ్యాపారంలో కథ చివరి మెట్టు. జేమ్స్ నికల్సన్, శామ్యూల్ ఆర్కాఫ్ నడిపిన అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్‌లో ముందు పేరు అనుకునేవారు, తర్వాత పోస్టరు గీయించేవారు, థియేటర్లవాళ్లకు అది నచ్చితే అప్పుడు చిత్రం తీయడానికి మనిషిని పిలిచేవారు. పోస్టరు మీది రాక్షసికీ తెర మీది రాక్షసికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం ఉండేది.

1956 నాటి ‘ఇట్ కాంకర్డ్ ది వరల్డ్’ సంగతి చూడండి. శుక్రగ్రహం నుంచి వచ్చిన జీవిని పాల్ బ్లేస్‌డెల్ తయారుచేశారు. అక్కడ గురుత్వాకర్షణ ఎక్కువ కనుక జీవి నేలకు అతుక్కుని పొట్టిగా ఉండాలని దర్శకుడు రోజర్ కోర్మన్ తర్కించారు. (శుక్రుడి గురుత్వాకర్షణ నిజానికి భూమి కంటే కొంచెం తక్కువే. అది వేరే సంగతి.) నాయిక బెవర్లీ గార్లండ్ ఆ పొట్టి జీవి ముందు నిలబడి, లోకాన్ని జయించింది ఇదేనా అన్నట్టు వెటకారంగా పలకరించారనీ, ఆ దెబ్బతో దాని ఎత్తు పెంచారనీ చెప్పుకుంటారు. పెంచిన తర్వాత కూడా అది పళ్లున్న పెద్ద దోసకాయలాగే ఉంటుంది. దాన్ని చూసి భయపడ్డానని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇక ‘రోబోట్ మాన్‌స్టర్’ 1953లో వచ్చింది. గొరిల్లా వేషం ఒకరి దగ్గర సిద్ధంగా ఉంది కనుక దాని మీద డైవర్లు పెట్టుకునే తరహా శిరస్త్రాణం బిగించి, మానవజాతిని తుడిచిపెట్టిన గ్రహాంతరవాసి ఇదే అన్నారు. దాని గుహలో సబ్బు బుడగలు ఊదే యంత్రం ఉంటుంది, దానికి పేర్ల జాబితాలో కృతజ్ఞతలు కూడా చెప్పారు. విచిత్రం ఏమిటంటే ఈ చిత్రానికి సంగీతం ఎల్మర్ బెర్న్‌స్టీన్, తర్వాత హాలీవుడ్‌లో మహామహుల చిత్రాలకు సంగీతం ఇచ్చిన ఆయనే. కళ్లు మూసుకుని వింటే అదొక గంభీరమైన చిత్రం అనిపిస్తుంది.

దర్శకుడు ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ గురించి అందరికీ తెలుసు. అందులోని నటుడు బెలా లుగోసి 1956లో మరణించారు. ఆయనతో అప్పటికే తీసిన కొద్ది నిమిషాల దృశ్యాలను ఉంచుకుని, మిగతా చోట్ల ఎడ్ వుడ్ భార్యకు వైద్యం చేసే వెన్నెముక వైద్యుడిని నిలబెట్టారు. ఆయన పొడవు వేరు, ముఖం వేరు, అందుకని ముఖానికి అంగీ అడ్డం పెట్టుకుని నడుస్తారు. దీన్ని 1980లో మెడ్వెడ్ సోదరుల పుస్తకం అత్యంత చెత్త చిత్రంగా ప్రకటించింది, ఆ ప్రకటనతోనే దానికి కొత్త ఆయుష్షు వచ్చింది. నేను దాన్ని వెక్కిరింపు కోసం చూశాను, ఇప్పటికీ అందుకే చూస్తాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పాతరీలు గారు ఆ సరదాను మరీ తేలిగ్గా తోసేశారనిపించింది. ఆ నవ్వులో కొంత అభిమానం ఉంటుంది. మనిషి తన శక్తికి మించిన పనిని అంత ధీమాగా నెత్తికెత్తుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. అయితే దాన్ని భయం అని మాత్రం పిలవలేను.

చీకటిగది:

నేలటికెట్టు గారి వాదనలో సగం ఒప్పుకుంటాను. డబ్బు లేకపోవడం దానంతటదే ఏ చిత్రాన్నీ మంచి చిత్రం చేయదు. కానీ ఏది చూపించకూడదో తెలిసిన దర్శకుడికి అదొక సాకుగా, ఒక్కోసారి రక్షణగా ఉపయోగపడింది. నేను ఫొటోగ్రఫీ వైపు మనిషిని కనుక చిత్రీకరణ సంగతులే చెబుతాను.

ఎడ్గార్ ఉల్మర్ 1951లో ‘ది మ్యాన్ ఫ్రమ్ ప్లానెట్ ఎక్స్’ను ఆరు రోజుల్లో తీశారు. ‘జోన్ ఆఫ్ ఆర్క్’ అనే భారీ చిత్రానికి వేసిన సెట్లు మిగిలి ఉంటే వాటినే వాడుకున్నారు. ఫ్రాన్సు సెట్లను స్కాట్లండ్ అని నమ్మించాలి, అవి ఎక్కడ ఆగిపోతాయో కనబడకూడదు. అందుకని చిత్రమంతా పొగమంచుతో నింపారు. ఆ పొగమంచు వల్ల వచ్చిన ఫలితం ఏమిటంటే, గ్రహాంతరవాసి ఎప్పుడూ ఒక్కసారిగా ఎదురుపడడు. ముందు మసక వెలుతురు కనబడుతుంది, తర్వాత ఆకారం, ఆ తర్వాతే ముఖం. ఆ ముఖం కదలని గట్టి తొడుగు. అతనికి మాట రాదు, మన గాలి పడదు, భుజం దగ్గర తన గాలిని సరిచేసుకునే చిన్న మర ఉంటుంది. ఒక దృశ్యంలో అతను ఊపిరాడక విలవిల్లాడుతుంటే మనుషులు ఆ మర తిప్పి కాపాడతారు. మరొక దృశ్యంలో స్వార్థపరుడైన శాస్త్రవేత్త, అతని దగ్గరున్న రహస్యాలు రాబట్టుకోవడం కోసం, అదే మరను వెనక్కి తిప్పి ఊపిరి ఆపుతాడు. తొడుగు ముఖంలో ఏ భావమూ మారదు. మారనందువల్లనే చూసేవాడే ఆ ముఖంలో నొప్పిని ఊహించుకోవలసి వస్తుంది. నేడు కనురెప్పల కదలికతో సహా కంప్యూటరు మీద గీసి ఇస్తారు. ప్రేక్షకుడికి చేయడానికి ఏమీ మిగలదు.

పాతరీలు గారు చెప్పిన ‘ఇట్!’ చిత్రంలో జీవి వేషం రే కోరిగన్ వేశారు. తొడుగు ఆయన తలకు సరిపోలేదు, గడ్డం నోట్లోంచి బయటకు పొడుచుకు వచ్చింది. కొత్త తొడుగు చేయించే వ్యవధి లేక, మేకప్‌వాళ్లు ఆ గడ్డానికి రంగు పూసి నాలుక చేశారు. ఈ సంగతి తెలిసిన తర్వాత జీవి ముఖం దగ్గరగా కనబడినప్పుడల్లా నాకు నవ్వే వస్తుంది. కానీ చిత్రంలో చాలాసేపు కనబడేది దాని నీడే, వినబడేది గాలి గొట్టాల్లో దాని పాకుడు చప్పుడే. కథ జరిగే రాకెట్టు నిలువుగా ఉంటుంది. సిబ్బంది ఒక్కో అంతస్తు వదులుకుంటూ పైకి వెళ్లి మూత బిగిస్తూ ఉంటారు, కింద నుంచి అది ఆ మూతను బద్దలు కొడుతూ ఉంటుంది. అంతస్తులు అయిపోతే ఏం చేస్తారన్నదే మొత్తం కథ. ఇరవై ఏళ్ల తర్వాత 1979లో వచ్చిన ‘ఏలియన్’కు ఈ కథతో ఉన్న పోలికను ఎందరో విమర్శకులు ఎత్తిచూపారు. ‘ఏలియన్’ కథారచయిత డాన్ ఓబానన్ అంతకుముందు జాన్ కార్పెంటర్‌తో కలిసి ‘డార్క్ స్టార్’ అనే చవక చిత్రం చేశారు. అందులో గ్రహాంతర జీవి అంటే బీచిలో ఆడుకునే గాలి బంతి, దానికి కాళ్లు. బంతితో హాస్యం తప్ప మరేమీ పండదని తెలిసి దాన్ని హాస్యంగానే తీశారు.

బ్రిటన్‌లో హామర్ సంస్థ 1955లో తీసిన ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ గురించి ఒక మాట చెప్పాలి. బీబీసీ 1953లో ప్రసారం చేసిన నైజెల్ నీల్ ధారావాహిక దానికి మూలం. అప్పట్లో పదహారేళ్ల లోపువారికి ప్రవేశం లేని చిత్రాలకు అక్కడ ‘ఎక్స్’ ధ్రువపత్రం ఇచ్చేవారు. మిగతా నిర్మాతలు దాన్ని తప్పించుకోవాలని చూస్తుంటే, హామర్‌వాళ్లు చిత్రం పేరులోని ‘ఎక్స్‌పెరిమెంట్’ (Experiment) అన్న మాటకు మొదటి అక్షరం ‘E’ కత్తిరించి ఆ ఎక్స్‌నే పోస్టరు మీద పెద్దది చేశారు. రాకెట్టులో వెళ్లిన ముగ్గురిలో ఒక్కడే తిరిగి వస్తాడు, అతని లోపల మరేదో పెరుగుతోంది. ఆ పాత్ర వేసిన రిచర్డ్ వర్డ్స్‌వర్త్‌కు సంభాషణలు దాదాపు లేవు. దాక్కుని తిరుగుతున్న అతన్ని నది ఒడ్డున ఒక చిన్నపిల్ల చూసి, తన బొమ్మతో ఆడుకోవడానికి రమ్మంటుంది. అతను చేతిని కోటు కింద దాచుకుని ఆ పిల్లకు దూరంగా వెళ్లిపోవాలని పెనుగులాడతాడు. బొమ్మ తల పగులుతుంది, పిల్లకు ఏమీ కాదు. మేకప్ ఖర్చు ఏపాటిదో నాకు తెలియనక్కర లేదు. ఆ నటుడి కళ్లు ఉంటే చాలు. చివర్లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో కనబడే ముద్ద మాత్రం, నిజం చెప్పాలంటే, తేలిపోయింది.

బొబ్బిలి వీణ:

అందరి జవాబులూ ఆసక్తిగా చదివాను. మన పాఠకులకు ఇక్కడ విఠలాచార్య గుర్తుకు రాకుండా ఉండరు కనుక ఆ మాట నేనే ఎత్తుతున్నాను. పరిమితమైన ఖర్చుతో, కెమెరా ట్రిక్కులతో, అస్థిపంజరాలతో, దయ్యాలతో ఆయన దశాబ్దాల పాటు థియేటర్లు నింపారు. 1978 నాటి ‘జగన్మోహిని’లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేసే దృశ్యం చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు. అదీ చవక ట్రిక్కే, అదీ వంటింట్లోనే జరుగుతుంది. చోటు గురించి రెండో ఆట గారు చెప్పిన సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

అయితే పోలికను అంతకంటే ముందుకు లాగకూడదని నా మనవి. జానపద చిత్రంలో దయ్యం ఎందుకు ఉందని ఎవరూ అడగరు. శాపమో మంత్రమో అంటే సరిపోతుంది, ప్రేక్షకుడు ఆ ఒప్పందం మీదనే టికెట్టు కొన్నాడు. అమెరికన్ చిత్రంలో తెల్లకోటు మనిషి వచ్చి కారణం చెప్పి తీరాలి. నేలటికెట్టు గారికి విసుగు తెప్పించిన ఆ ఉపన్యాసాలు నాకు చాలా ఇష్టం. హిరోషిమా జరిగి పదేళ్లు కూడా కాలేదు. 1954 మార్చిలో బికినీ దీవుల్లో పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద జపాన్ చేపల పడవ మీద పడి, అందులోని మనుషులు జబ్బుపడ్డారు. ఆ ఏడాదే జపాన్‌లో ‘గొజిలా’ వచ్చింది. అలాంటి రోజుల్లో రేడియేషన్ వల్ల ఏమైనా జరగవచ్చని ఒక శాస్త్రవేత్త తెర మీద చెబితే, హాలులో ఉన్నవాళ్లు దాన్ని కట్టుకథగా తీసిపారేయలేరు. అతని సైన్సు తప్పే కావచ్చు, ఆ గొంతులోని జంకు మాత్రం ఆనాటి పత్రికల్లో ఉన్నదే. విఠలాచార్య దయ్యాన్ని చూసి ఇంటికి వచ్చిన పిల్లవాడు రాత్రి పెరట్లోకి వెళ్లడానికి భయపడతాడు. ఈ చిత్రాలు చూసి వచ్చినవాడికి మర్నాటి వార్తలంటేనే భయం.

పాతరీలు:

అందరికీ కృతజ్ఞతలు. నేలటికెట్టు గారి మాట నిజమే, నవ్వులో అభిమానం ఉంటుందన్న కోణం నేను ఆలోచించలేదు. చోటు గురించిన వాదన నాకు బాగా నచ్చింది, కానీ ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది చెప్పండి. అందులో ఊరు లేదు, థియేటరు లేదు. ఒక పాత ఇల్లు, లేచి నడిచే శవాల నుంచి అందులో దాక్కున్న ఏడుగురు మనుషులు. శుక్రగ్రహం నుంచి తిరిగి వచ్చిన ఉపగ్రహం, దాని రేడియేషన్ అని టీవీలో ఒక ముక్క చెప్పి వదిలేస్తారు. అది సైన్స్ ఫిక్షన్ కిందకు వస్తుందా అని కూడా ఒక మిత్రుడు అడిగాడు.

రెండో ఆట:

వస్తుందనే అంటాను. ఆ ఉపగ్రహం ముక్క కథకు పెద్దగా అవసరం లేదు కానీ, దాన్ని చెప్పే తీరు అవసరం. శాస్త్రవేత్త, సైనికాధికారి వాషింగ్టన్ వీధిలో నడుస్తూ విలేకరుల ముందే ఒకరి మాటను ఒకరు ఖండించుకుంటారు. బొబ్బిలి వీణ గారు చెప్పిన తెల్లకోటు మనిషి ఇక్కడికి వచ్చేసరికి ఏ భరోసా ఇవ్వలేని స్థితిలో ఉన్నాడు. 1950ల చిత్రాల్లో ఆ మనిషో మరొకరో చివరికి ఏదో ఒక ఉపాయం కనిపెట్టేవారు. ‘ది బ్లాబ్’లో ముద్దకు చలి పడదని తెలుసుకుని మంటలార్పే సిలిండర్లతో ఆపారు. 1968లో ఆ ఉపాయం లేదు.

ఇక చోటు సంగతి. జార్జ్ రొమేరో, ఆయన మిత్రులు పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య ప్రకటనలు తీసుకునేవారు. తలా కొంత వేసుకుని, మరికొందరి దగ్గర పోగుచేసి, మొత్తం సుమారు 1,14,000 డాలర్లతో ఈ చిత్రం తీశారు. ఎవాన్స్ సిటీ దగ్గర కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఇంటిని అద్దెకు తీసుకున్నారు. కూల్చబోయే ఇల్లు కనుక తలుపులకు మేకులు కొట్టినా, కిటికీలు పగలగొట్టినా అడిగేవారు లేరు. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు, నలుపు తెలుపు ఫిల్ము మీద ఆ తేడా తెలియదు. నటుల్లో కొందరు నిర్మాతలే. నేలమాళిగలో దాక్కుందామని పట్టుబట్టే హ్యారీ కూపర్ వేషం వేసిన కార్ల్ హార్డ్‌మన్ నిర్మాతల్లో ఒకరు, ముగింపులో వచ్చే నిశ్చల చిత్రాలు కూడా ఆయన తీసినవే.

ఒకే ఇల్లు ఉంది, బయటికి వెళ్లే కథ రాసుకునే వీలు లేదు, శవాలుగా నడవడానికి వచ్చినవాళ్లు కొద్దిమంది. కాబట్టి కథ ఇంట్లోనే, మనుషుల మధ్యే నడవాలి. నేల అంతస్తులోనే ఉండి తలుపులకు బల్లలు కొడదామని కథానాయకుడు బెన్ అంటాడు, నేలమాళిగలోకి వెళ్లి గడియ పెట్టుకుందామని హ్యారీ అంటాడు. ఈ తగువుకు ఖర్చేమీ లేదు, కానీ చిత్రానికి ప్రాణం అదే. బెన్ ధైర్యవంతుడు, నిదానస్తుడు. హ్యారీ పిరికివాడు, నోటి దురుసుతనం ఎక్కువ. సహజంగానే మనం బెన్ పక్షం వహిస్తాం. చివరికి అందరూ పోయి బెన్ ఒక్కడే మిగిలి, తాను వద్దన్న ఆ నేలమాళిగలోనే దాక్కుని తెల్లవారేదాకా బతుకుతాడు. అంటే, కనీసం ఆ ఒక్క విషయంలో, మనకు నచ్చని మనిషి మాటే నెగ్గింది. చిత్రం ఈ సంగతిని ఎవరి నోటా చెప్పించదు. తెల్లవారిన తర్వాత గాలింపు దళం వచ్చి, కిటికీ దగ్గర కదిలిన బెన్‌ను శవమనుకుని కాల్చేస్తుంది. బెన్ వేషం వేసిన డ్యువేన్ జోన్స్ నల్లజాతి నటుడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఏడాదిలోనే, తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్ల గుంపు అతన్ని కాల్చి, కొక్కేలతో ఈడ్చుకెళ్లి మంటలో వేసే దృశ్యాలను పత్రికల్లో అచ్చయ్యే మసక ఫొటోల్లా చూపించారు. సంభాషణల్లో జాతి ప్రస్తావన ఒక్కసారి కూడా రాదు. పెద్ద స్టూడియో డబ్బు ఉంటే ఆ ముగింపును మార్చమని అడిగేవారు ఉండేవారు. ‘బాడీ స్నాచర్స్’కు అదే జరిగింది, డాక్టరు మాటను అధికారులు నమ్మి ఫోను అందుకునే ముగింపును స్టూడియో పట్టుబట్టి చేర్పించింది. రొమేరోకు అలా పట్టుబట్టేవారు లేరు. తక్కువ పెట్టుబడి వల్ల దక్కిన వాటిలో నేను అన్నిటికంటే పెద్దదిగా లెక్కవేసేది దీన్నే.

నేలటికెట్టు:

ఈ చిత్రం విషయంలో నాకు వాదన లేదు. అయితే ఆ స్వేచ్ఛకు వాళ్లు చెల్లించిన ధర కూడా చెప్పుకోవాలి. దీనికి మొదట ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’ అని పేరు పెట్టారు. పంపిణీదారు పేరు మార్చినప్పుడు, పాత పేరుతోపాటు తెర మీద ఉన్న కాపీరైటు ప్రకటన కూడా ఎగిరిపోయింది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేకపోతే హక్కు లేనట్టే. దాంతో ఎవరు పడితే వారు ప్రింట్లు తీసి అమ్ముకున్నారు, టీవీలో వేసుకున్నారు. చిత్రం లోకమంతా తెలియడానికి అదీ ఒక కారణమే, తీసినవాళ్లకు న్యాయంగా రావలసిన డబ్బులో చాలా భాగం రాకపోవడానికీ అదే కారణం. పేదరికాన్ని పొగిడేటప్పుడు ఆ పద్దు కూడా చూడాలి.

చీకటిగది:

దానికి కొనసాగింపుగా పాతరీలు గారికి ఒక సూచన. హక్కులు లేవు కనుక యూట్యూబ్‌లో ఈ చిత్రం డజన్ల కొద్దీ ప్రతుల్లో ఉంది, వాటిలో చాలావరకు కాపీకి కాపీ తీసి వెలిసిపోయినవి. ముఖాలు సున్నం కొట్టినట్టు ఉంటాయి, నీడలన్నీ ఒకే నల్లటి మరకగా కలిసిపోతాయి. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి దీన్ని 4కేలో పునరుద్ధరించాయి, క్రైటీరియన్ సంస్థ 2018లో డిస్కుగా విడుదల చేసింది. మీరు చూసింది వెలిసిన ప్రతి అయితే ఇది మళ్లీ చూడండి. రొమేరో ప్రకటనల చిత్రీకరణలో చేయి తిరిగినవారు. దీపం ఎక్కడ పెట్టాలో, కెమెరా ఎంత వంచాలో ఆయనకు బాగా తెలుసు. పునరుద్ధరించిన ప్రతిలో కిటికీ బల్లల సందుల్లోంచి లోపలికి వచ్చే చేతులు ఒక్కొక్కటిగా విడివిడిగా కనబడతాయి, చెక్క మీది మేకుల వరుసతో సహా. ఇంతకాలం ఈ చిత్రం గరుకుదనాన్ని చవకతనమని మెచ్చుకున్నవాళ్లలో చాలామంది నిజానికి మెచ్చుకున్నది పాడైపోయిన ప్రింటునే. ‘ది మ్యాన్ ఫ్రమ్ ప్లానెట్ ఎక్స్’ కూడా కాస్త శుభ్రమైన ప్రతి దొరికితేనే చూడండి. వెలిసిన ప్రతిలో పొగమంచు తప్ప మరేమీ కనబడదు.